ఆవిరి ఇచ్చే వేడి, వదిలే నీళ్లు

మాఘం వెళ్లేసరికి కోరుట్ల, మెట్‌పల్లి చుట్టుపక్కల పల్లెల్లో పసుపు తవ్వకాలు జోరందుకుంటాయి. తవ్విన కొమ్ముల్ని రెండు మూడు రోజుల్లో ఉడకబెట్టాలి. ఆలస్యమైతే నాణ్యం పడిపోతుంది. ఇదివరకు చేను పక్కనే పొయ్యి తవ్వి, పెద్ద ఇనుప కడాయి ఎక్కించి, కొమ్ములు మునిగేదాకా నీళ్లు పోసి, కట్టెలూ ఎండిన పసుపాకూ ఎగదోస్తూ గంటసేపు ఉడికించేవాళ్లు. నురుగు పొంగి, తెల్లటి ఆవిర్లతో పాటు ఉడికిన పసుపు వాసన కొడితే దించే వేళయినట్టు. అనుమానముంటే కొమ్ములోకి ఈనెపుల్ల గుచ్చి చూసేవాళ్లు.

ఇప్పుడు ఆ కడాయి స్థానంలోకి ఆవిరి బాయిలర్ వచ్చింది. ట్రాక్టరు లాక్కొచ్చి చేలో నిలబెడుతుంది. కింద పొయ్యి, పైన నీళ్ల ట్యాంకు, పక్కన రెండో నాలుగో డ్రమ్ములు. డ్రమ్ము అడుగున చిల్లుల గొట్టం, ఒక్కో డ్రమ్ముకు ఒక్కో వాల్వు. ఒకదాంట్లో పసుపు ఉడుకుతుంటే ఇంకోదాన్ని కుమ్మరిస్తుంటారు, మరోదాంట్లో పచ్చి కొమ్ములు నింపుతుంటారు. మొదటి వాయికి కొంచెం ఎక్కువసేపు పడుతుంది. డ్రమ్ములు కాగాక తర్వాతివి పావుగంటలోపే దిగుతాయి.

ఇంత తొందరగా ఎలా ఉడుకుతుంది? కడాయిలో పసుపుతో పాటు దాన్ని ముంచిన నీళ్లన్నిటినీ కాచాలి. ఆవిరికి ఆ బరువు లేదు. కిలో నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవాలంటే 70 కిలోక్యాలరీలు చాలు. అదే 100 డిగ్రీల దగ్గర ఆ నీటిని ఆవిరి చేయాలంటే ఇంకో 540 కావాలి. ఆ 540నీ దాచుకునే ఆవిరి గొట్టంలోంచి వస్తుంది. చల్లటి కొమ్ము తగలగానే మొత్తం అక్కడ అప్పజెప్పి నీళ్లయిపోతుంది. మరిగే నీళ్లకంటే ఆవిరి చేతిని అంత ఎక్కువగా కాల్చేదీ అందుకే.

ఇందులో నాకు ముచ్చటగా అనిపించేది ఇంకొకటుంది. లీటరు నీరు ఆవిరైతే దాదాపు 1,700 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. తిరిగి నీరైతే ఆ చోటంతా ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలోకి కొత్త ఆవిరి ఎగబడుతుంది. అంటే డ్రమ్ములో ఎక్కడ చల్లగా ఉందో అక్కడికే ఆవిరి తనంతట తాను వెళ్తుంది. గోళలు (తల్లి దుంపలు) లావు, కాడి కొమ్ములు సన్నం. కలిపి పోస్తే ఒకటి పచ్చిగా, ఒకటి మెత్తగా తయారవుతాయి కాబట్టి విడదీసి ఉడికించాలి. కానీ ఒకే సైజువి పోస్తే మాత్రం, ఎవరూ కలియబెట్టకుండానే డ్రమ్మంతా ఒకే తీరుగా ఉడుకుతుంది. లోపలి పిండిపదార్థం సమంగా ఉడికితేనే రంగు కొమ్మంతా సమంగా పరుచుకుంటుంది, ఎండటానికి పట్టే రోజులు తగ్గుతాయి.

వేడి ఇచ్చేసిన ఆవిరి మాత్రం పచ్చటి నీళ్లయి డ్రమ్ము అడుగునుంచి మట్టిలోకి కారిపోతుంది. చేలో అది నష్టంగా ఎవరికీ కనిపించదు. ఇలా ఆవిరి నుంచి తిరిగొచ్చిన నీళ్లనే కండెన్సేట్ అంటారు. ఫ్యాక్టరీలో దీనికి వేరే లెక్కుంది.

సిరిసిల్ల అనగానే అందరికీ సాంచాల (మరమగ్గాల) చప్పుడే గుర్తొస్తుంది. కాటన్ నూలు సాంచా ఎక్కాలంటే ముందు గంజి తాగాలి. చేనేతలో పడుగును వీధిలో బారుగా సాగదీసి, కుంచెతో గంజి పట్టించి, ఎండకు ఆరబెట్టేవాళ్లు. సైజింగ్ మిల్లులో ఆ పని యంత్రం మీద జరుగుతుంది: పోగులన్నీ పక్కపక్కన పరుచుకుని గంజి తొట్టిలో మునిగి, రోలర్ల మధ్య పిండుకుని, ఆవిరితో కాగే సిలిండర్ల మీదుగా సాగి భీముకు (పడుగు చుట్టే దూలానికి) చుట్టుకుంటాయి. ఆవిరి ఇక్కడ నూలును తాకదు. సిలిండర్ లోపలే ఉండి, లోహం గుండా వేడినిస్తుంది.

చిక్కు కూడా అక్కడే. లోపల నీరైన ఆవిరి ఎక్కడికి పోవాలి? నెమ్మదిగా తిరిగే సిలిండర్లో అది అడుగున మడుగు కడుతుంది. వేగం పెరిగితే లోపలి గోడ చుట్టూ పొరలా అంటుకుని తిరుగుతుంది. ఆ పొర దళసరైన కొద్దీ వేడి బయటికి రావడం కష్టమవుతుంది. అందుకే సిలిండర్ ఇరుసు గుండా ఒక వంపు గొట్టం పెడతారు. దాని మూతి లోపలి గోడకు దాదాపు ఆనుకుని ఉంటుంది. ఆవిరి ఒత్తిడే నీటిని ఆ గొట్టంలోకి నెట్టి బయటికి పంపుతుంది. బయట స్టీమ్ ట్రాప్ కాపలా ఉంటుంది. నీరొస్తే తెరుచుకోవడం, ఆవిరొస్తే మూసుకోవడం, అంతే దాని పని. పొద్దున మిషను మొదలెట్టేటప్పుడు లోపలున్న గాలి కూడా బయటికి పోవాలి. గాలి పొర వేడిని నీటి పొరకంటే ఎక్కువగా అడ్డుకుంటుంది. గేజిలో ఒత్తిడి బాగానే ఉంటుంది, సిలిండర్ మాత్రం ఒకచోట వేడిగా, ఒకచోట గోరువెచ్చగా తగులుతుంది.

ట్రాప్ రెండు రకాలుగా చెడుతుంది. మూసుకుపోయి చెడితే వెంటనే తెలుస్తుంది. నూలు తేమగా భీముకెక్కి, పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి, సాంచా మీద తెగుతాయి. నేసిన బట్టను బట్టి కూలి తీసుకునే కార్మికుడు ఎక్కడో మిల్లులో బిగుసుకుపోయిన ట్రాపుకు తన సంపాదనలోంచి చెల్లిస్తాడు. తెరుచుకుపోయి చెడితే మాత్రం ఎవరికీ పట్టదు. సిలిండర్ బాగానే కాగుతుంది, నూలు బాగానే ఆరుతుంది, నిక్షేపం లాంటి ఆవిరి కాలువలోకి పోతుంటుంది. దాన్ని పట్టుకోవడానికి పాత ఫిట్టర్ల పద్ధతి ఒకటుంది. స్క్రూడ్రైవర్ మొన ట్రాపుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటారు. డిస్కు రకం ట్రాపు ఆరోగ్యంగా ఉంటే ఆగి ఆగి టక్కుమంటుంది. ఆపకుండా గడగడలాడితే డిస్కు అరిగిందన్నమాట.

ట్రాప్ బయటికి వదిలిన నీళ్లను పారబోస్తే పోయేదెంత? 3 బార్ గేజి ఒత్తిడి దగ్గర కండెన్సేట్ వేడి 143 డిగ్రీల పైమాట. బాయిలర్లో పెట్టిన వేడిలో దాదాపు ఐదో వంతు ఇంకా దాంట్లోనే ఉంటుంది. బయటి గాలిలోకి వదలగానే అందులో 8 శాతం దాకా మళ్లీ భగ్గున ఆవిరైపోతుంది. వెనక్కి తెచ్చి ఫీడ్ ట్యాంకులో కలిపితే బాయిలర్‌కు వెళ్లే నీళ్లు ముందే వేడెక్కుతాయి. ఆ నీళ్లు 6 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఇంధనంలో సుమారు ఒక శాతం మిగులుతుందని బాయిలర్ల దగ్గర మోటు లెక్క. పైగా అది ఒకసారి ఆవిరై వచ్చిన శుద్ధమైన నీరు. బోరు నీళ్లలా గొట్టాలకు సున్నపు పెచ్చు కట్టదు.

అయితే అన్ని నీళ్లూ వెనక్కి రావు. అద్దకం తొట్టిలోకి ఆవిరిని నేరుగా వదిలితే అది రంగులో కలిసిపోతుంది. చుట్ల గొట్టంలో తిప్పితే నీళ్లు తిరిగొస్తాయి. జగిత్యాల జిల్లాలో ఉప్పుడు బియ్యం ఆడే మిల్లుల్లో ఈ రెండు పద్ధతులూ కనిపిస్తాయి. ఊకతో మండే బాయిలర్ ఆవిరి నానిన వడ్ల మీదికి నేరుగా వెళ్తే ధాన్యంలోనే ఇంకుతుంది. ఆరబెట్టే డ్రయ్యరు గాలిని కాచడానికి వెళ్లిన ఆవిరి మాత్రం శుభ్రంగా నీరై మళ్లీ ట్యాంకుకు చేరగలదు.

ఆవిరిని పొదుపుగా వాడటం చూడాలంటే మల్లాపూర్ మండలం ముత్యంపేటలోని చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చూడాల్సింది. 1937లో బోధన్‌లో మొదలైన నిజాం షుగర్స్‌కు చెందిన యూనిట్ ఇది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది, 2015 డిసెంబరులో లే-ఆఫ్‌తో మూతపడింది. చెరుకు రైతుల గోడు అందరికీ తెలిసిందే. ఆవిరితో పని తెలిసిన చేతులు కూడా అప్పుడే ఖాళీ అయ్యాయి, ఆ మాట ఎవరూ ఎత్తరు.

చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు రసం సుమారు 15 బ్రిక్స్ (నూటికి 15 పాళ్లు కరిగిన పదార్థం) నుంచి 60 బ్రిక్స్ దాకా చిక్కబడాలి. అంటే రసం బరువులో ముప్పావు వంతు నీరుగా పోవాలి. ఒక్కో టన్ను నీటికి ఒక్కో టన్ను ఆవిరి పెడితే బాయిలర్లో మండించే చెరుకు పిప్పి ఎంతున్నా చాలదు. అమెరికాలోని లూసియానాలో పుట్టిన నార్బర్ట్ రిల్యూ అనే నల్లజాతి ఇంజనీరు 1843లో పేటెంటు పొందిన ఉపాయం దీనికి మందు. మొదటి పాత్రలో రసం నుంచి లేచిన ఆవిరిని రెండో పాత్రను కాచడానికి పంపుతారు. రెండోదాంట్లో ఒత్తిడి తక్కువ కాబట్టి రసం తక్కువ వేడికే మరుగుతుంది. దాని ఆవిరి మూడోదానికి, మూడోదాని ఆవిరి నాలుగోదానికి. చివరి పాత్రలో దాదాపు శూన్యం. బాయిలర్ నుంచి వచ్చిన టన్ను ఆవిరితో నాలుగు టన్నులకు దగ్గరగా నీరు లేస్తుంది.

మొదటి పాత్ర కండెన్సేట్ బాయిలర్‌కే వెళ్తుంది. మిగతావాటిలో చెరుకు నీళ్లే ఉంటాయి. వాటిలోకి చక్కెర తొణికే ప్రమాదముంది. బాయిలర్లో చక్కెర పడితే ఆమ్లంగా మారి గొట్టాలను తినేస్తుంది. అందుకే ల్యాబు మనిషి పూట పూటా నమూనా పట్టుకెళ్లి, పరీక్షనాళికలో ఆల్ఫా నాఫ్తాల్ చుక్కలు వేసి, గోడ వెంబడి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం జారవిడుస్తాడు. రెండు ద్రవాలు కలిసేచోట ఊదారంగు వలయం కనిపిస్తే ఆ నీళ్లను వెంటనే బాయిలర్ దారి తప్పిస్తారు.

రిల్యూ ఉపాయం ముక్క ఒకటి పసుపు చేలకూ పనికొస్తుందని నా నమ్మకం. డ్రమ్ములో కొమ్ములు చల్లగా ఉన్నంతసేపూ ఆవిరంతా లోపలే నీరవుతుంది. అవి కాగాకే మూత సందుల్లోంచి పొగలు తన్నుతాయి. చివరి నిమిషాల్లో పోయే ఆ ఆవిరిని పక్కన పచ్చి కొమ్ములున్న డ్రమ్ము అడుగుకు మళ్లిస్తే, ఆ వాయి సగం దారి ముందే నడిచినట్టు. ఒత్తిడి పెరగకుండా ఆ గొట్టం లావుగా ఉండాలి, మూత సరిగ్గా కూర్చోవాలి, చివరి డ్రమ్ముకు బయటి గాలి దారి తెరిచి ఉంచాలి. కోరుట్ల వెల్డింగ్ షాపుల్లో ఇదేమీ పెద్ద పని కాదు.