ఎడ్లు, వడ్లు, గొడ్లు, గుడ్లు

బాన్సువాడ పక్కన వర్నిలో ఒకటో తరగతి పిల్లలకు ‘డ’ కింద ‘ల’ ఒత్తు నేర్పడానికి ఈ నాలుగు మాటలు చాలు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ కింద వరి పండే ప్రాంతం కదా, వీటిలో ఏదీ పిల్లలకు కొత్త కాదు. పలక మీద ‘డ్లు’ ఒక్కసారి రాసి, దాని ముందు ఎ, వ, గొ, గు చెరిపి చెరిపి రాయాలి. మారే అక్షరం మీద పిల్లల చూపు నిలుస్తుంది. మారని ఒత్తు చూడగా చూడగా వచ్చేస్తుంది.

ఇంగ్లీషులో ఈ పని మాట చివర జరుగుతుంది: క్యాట్, హ్యాట్, మ్యాట్. డాక్టర్ సూస్ 1957లో కేవలం 236 మాటలతో ఒక పిల్లల పుస్తకమే రాశాడు. తెలుగులో చివర కలపడం మరీ సులువు. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, బహువచనమైతే ‘లు’ ఎలాగూ ఉంటుంది. చెట్లు, మేకలు, పిల్లలు అంటే చెవికి కొత్తగా తెలిసేదేముంది?

మన పద్యంలో ప్రాస రెండో అక్షరం. అక్కడి హల్లు అన్ని పాదాల్లో ఒకటే కావాలి. దాని ముందు అక్షరం ఒకచోట లఘువైతే అంతటా లఘువే, గురువైతే అంతటా గురువే. ద్విత్వానికి ద్విత్వం, సున్నాకు సున్నా. పిల్లలు రాతలో తప్పేదీ సరిగ్గా ఇక్కడే: ముక్క రాయబోయి మూక, పంట రాయబోయి పాట, పలకకు లేని దీర్ఘం. కవులను సతాయించిన నియమం చిన్నపిల్లలకు ఇంతగా పనికొస్తుందని లాక్షణికులు అనుకొని ఉండరు.

వీధి బడుల నాటి గుణింతం వేరే పని చేస్తుంది. ‘క’కు గుడిస్తే ‘కి’, కొమ్మిస్తే ‘కు’ అంటూ ఒకే హల్లుకు గుర్తులన్నీ తొడుగుతుంది. అదీ కావాలి. కానీ గుణింతమంతా గడగడా అప్పజెప్పి, ‘మొక్క’ దగ్గర ఆగిపోయే పిల్లలుంటారు.

ఇంట్లో ‘ఒడ్లు’ అనే పిల్లలు బడిలో ‘వడ్లు’ రాయాలి. తేడా మొదటి అక్షరంలోనే. ‘డ్లు’ ఎవరి నోట్లోనూ మారదు. తండా నుంచి వచ్చి, తెలుగు బడిలోనే ఎక్కువగా వినే పిల్లలకు మాత్రం ప్రాస కోసం ‘సడి’, ‘నుడి’ లాంటివి ఇవ్వొద్దు. బడి, తడి, మడి చాలు.

బట్టీ ప్రమాదం దీనికీ ఉంది. 1983లో బ్రాడ్లీ, బ్రయంట్ అనే పరిశోధకులు ‘నేచర్’లో చెప్పిన పద్ధతి అక్కడ అక్కరకొస్తుంది. ఇంకా చదవడం రాని నాలుగైదేళ్ల పిల్లలకు కొన్ని మాటలు వినిపించి, ధ్వనిలో కలవనిదేదో అడిగారు. బాగా పట్టుకున్నవాళ్లు తర్వాత చదవడంలోనూ స్పెల్లింగులోనూ ముందున్నారు. మనమూ అడగొచ్చు: అక్క, పక్క, మూక, చుక్క, వీటిలో కలవనిదేది?

ఇక పిల్లలే సొంతంగా అక్షరాలు మార్చడం మొదలుపెడితే ‘చుడ్లు’ కూడా పుడుతుంది. నవ్వుకోండి గానీ వెంటనే చెరిపేయకండి. ఆ మాట వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చదివితేనే వచ్చింది.