బొమ్మ వెనుక మనిషి

తమ ముఖం చూపకుండా, గీసిన బొమ్మ రూపంలో తెర మీదికి వచ్చి, ఆడుతూ పాడుతూ ముచ్చటిస్తూ గంటల తరబడి ప్రత్యక్ష ప్రసారం చేసే కళాకారులను వీట్యూబర్లు అంటారు. వారిని ఎంపిక చేసి, బొమ్మ గీయించి, ఒప్పందాలూ ఆదాయమూ చూసుకునే సంస్థలు వీట్యూబర్ ఏజెన్సీలు. 2016 చివర జపాన్‌లో కిజునా ఐ అనే పాత్రతో ఈ మాట ప్రచారంలోకి రాగా, హోలోలైవ్ అనే వీట్యూబర్ బృందాన్ని నడిపే కవర్, నిజిసాంజీ అనే బృందాన్ని నడిపే ఎనీకలర్ సంస్థలు కొన్నేళ్లలోనే స్టాక్ మార్కెట్‌కు ఎక్కేంతగా ఎదిగాయి.

ఈ కళలో కెమెరా కళాకారిణి ముఖ కదలికలను పట్టుకుంటుంది. పొరలు పొరలుగా గీసిన కళ్లు, పెదవులు, జుట్టు ఆ కదలికలకు అనుగుణంగా కదిలేలా అమర్చే పనిని రిగ్గింగ్ అంటారు. ఆమె రెప్ప వాల్చితే బొమ్మ రెప్ప వాలుతుంది, నవ్వితే బొమ్మ నవ్వుతుంది. కానీ నిద్రలేమితో ఆమె కళ్ల కింద చేరిన నలుపు మాత్రం బొమ్మ మీదికి రాదు. వేగంగా విస్తరించే ఏజెన్సీల కష్టాలన్నీ ఆ కనిపించని నలుపులోనే ఉన్నాయి.

కొత్త పాత్రలను తెర మీదికి తెచ్చినంత వేగంగా వాటి వెనుక పనిచేసే మేనేజర్లూ చిత్రకారులూ సమకూరరు కనుక, పెరిగిన భారమంతా ఉన్నవారి మీదే పడుతుంది. బొమ్మలు, త్రీడీ నమూనాలు తయారుచేసే 23 మంది ఉప కాంట్రాక్టర్ల చేత కవర్ సంస్థ 243 సార్లు ఉచితంగా పని తిరిగి చేయించిందని 2024 అక్టోబరులో జపాన్ ఫెయిర్ ట్రేడ్ కమిషన్ తేల్చింది. 2019లో కిజునా ఐ బొమ్మకు ఒకరికి బదులు పలువురి గొంతులు జోడించినప్పుడు అభిమానులు నొచ్చుకున్నారు. బొమ్మ అదే అయినా, వారు మనసిచ్చింది దాని వెనుకనున్న మనిషికి. విస్తరణ ప్రతిసారీ నిలవదు కూడా: 2020లో మొదలైన నిజిసాంజీ భారత విభాగం మరుసటి ఏడే ముగిసింది.

ఉమ్మడి కరీంనగర్ జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన మై విలేజ్ షో అనే యూట్యూబ్ ఛానెల్ ఇందుకు భిన్నమైన దారిలో ఎదిగింది. అక్కడ గంగవ్వ తన పేరుతో, తన ముఖంతో, తన యాసతోనే జనానికి చేరువైంది. 2020లో బిగ్‌బాస్ ఇంట్లో ఆరోగ్యం సహకరించక ఆమె మధ్యలోనే వెనుదిరిగినప్పుడు, ఆ అలసటను కళ్లారా చూసిన ప్రేక్షకులకు వేరే వివరణ అవసరం కాలేదు. బొమ్మ చాటున ఉన్న కళాకారిణికి ఆ వెసులుబాటు లేదు కనుక, ఆమె అలసటను ముందుగా గుర్తించే బాధ్యత ఏజెన్సీదే అవుతుంది.

వేషధారిని ఎలా చూసుకోవాలో ఆదిలాబాద్ గోండు గూడేలకు ఏనాడో తెలుసు. దీపావళి వేళ సాగే దండారి నృత్య వేడుకలో నెమలి ఈకల టోపీ ధరించిన గుస్సాడిని దైవ స్వరూపంగా భావిస్తారు. దండారి బృందం ఏ ఊరికి వెళ్తే ఆ ఊరే అన్నం పెట్టి ఆదరిస్తుంది, పండుగ ముగిశాక టోపీ దించిన మనిషి తిరిగి తన ఇంటివాడవుతాడు. వేషానికి మొక్కే సమాజం వేషధారి ఆకలిని మరవలేదు.

కరీంనగర్‌లోనో మంచిర్యాలలోనో రేపు ఇలాంటి ఏజెన్సీని తెరవబోయే యువత పదో బొమ్మను గీయించే ముందు, మొదటి బొమ్మ వెనుకనున్న మనిషికి సెలవు దినాన్నీ, న్యాయమైన వాటానూ, పాత్రను వీడి గౌరవంగా వెళ్లే హక్కునూ ఒప్పందంలో రాసి ఇవ్వాలి.