ఇవాన్ ఎవరివాడు?

జాతి ఔన్నత్యాన్ని చాటేదే జాతీయ కళ అనే వాదం వినడానికి సొంపుగానే ఉంటుంది. కాని ఆ ఔన్నత్యాన్ని నిర్ణయించేదెవరు? ప్రజలా, పాలకులా? రష్యాలో ఈ ప్రశ్న మీద సాగిన ఘర్షణకు పదహారవ శతాబ్దపు జార్ నాల్గవ ఇవాన్ రూపచిత్రణే మంచి సాక్ష్యమని నేననుకుంటాను.

1881లో విప్లవకారులు జార్ రెండవ అలెగ్జాండర్‌ను హతమార్చారు. ప్రభుత్వం వారిని ఉరితీసింది. ఆ ఏటి నెత్తుటి జ్ఞాపకం నుంచి ఇల్యా రేపిన్ తన చిత్రాన్ని ఊహించాడు. 1885లో పూర్తయిన ఆ చిత్రంలో ఇవాన్ సింహాసనం మీద లేడు. తాను కొట్టిన దెబ్బకు ప్రాణం పోతున్న కొడుకును పొదువుకుని, వెర్రిచూపులతో నేలమీద ఉన్నాడు. మూడవ అలెగ్జాండర్ ప్రభుత్వం ఆ చిత్ర ప్రదర్శనను కొన్ని నెలలపాటు నిషేధించింది. మూడువందల ఏళ్లనాటి హత్యకు పాలకులెందుకు ఉలిక్కిపడ్డారు? గతాన్ని చూపుతూ రేపిన్ వర్తమానాన్ని బోనెక్కించాడు గనుక.

జార్లు పోయారు గాని ఈ పేచీ పోలేదు. ఐజెన్‌స్టీన్ తీసిన ‘ఇవాన్ ది టెర్రిబుల్’ మొదటి భాగంలో దేశాన్ని ఏకంచేసే జార్ కనిపించాడు. 1946లో దానికి స్టాలిన్ బహుమతి వచ్చింది. రెండవ భాగంలో అనుమానంతో కుమిలిపోయే, తన ఒప్రిచ్నిక్ దళంతో నెత్తురు పారించే జార్ కనిపించాడు. అదే ఏడాది దానిపై నిషేధం పడింది. 1947లో స్టాలిన్ దర్శకుణ్ణి పిలిపించి, ఇవాన్ వివేకవంతుడైన గొప్ప పాలకుడని పాఠం చెప్పాడు. ఐజెన్‌స్టీన్ 1948లో మరణించాడు. చిత్రం 1958లో గాని విడుదల కాలేదు.

ఇది యుద్ధకాలపు అవసరమని సమర్థించేవారున్నారు. నేనొప్పుకోను. యుద్ధం ముగిశాకనే ఈ వేటు పడింది. శ్రామికుల పేర ఏర్పడిన రాజ్యం ఒక జార్‌లో తన ముఖం చూసుకోవడం వర్గదృష్టిని వదులుకోవడమే. అభ్యుదయవాదులు ఈ మాట దాటవేయకూడదు.

సోవియట్ యూనియన్ 1991లో కూలిపోయింది. 2013లో కొందరు మతజాతీయవాదులు రేపిన్ చిత్రం రష్యాకు అపనింద అనీ, దాన్ని త్రెత్యకోవ్ గ్యాలరీ గోడమీంచి దించాలనీ పట్టుబట్టారు. గ్యాలరీ నిరాకరించింది. 2016లో అర్యోల్ నగరంలో ఇవాన్ విగ్రహం లేచింది. 2018లో ఒకడు లోహపు కడ్డీతో ఆ చిత్రం అద్దాన్ని పగలగొట్టాడు. కాన్వాసు చిరిగింది.

ఇవాన్ నిజంగా కొడుకును చంపాడా అన్న విషయంలో చరిత్రకారులు ఏకాభిప్రాయానికి రాలేదు. ఆ చర్చ సాగవలసిందే. అయితే చిత్రంలోని సత్యం ఆ ఒక్క దెబ్బ మీద నిలబడి లేదు. 1570లో నవ్‌గొరోద్ ప్రజలను ఊచకోత కోయించినవాడు ఇవానే. రేపిన్‌ను తప్పుపట్టేవారు ఆ మృతుల ఊసెత్తరు.

జాతిలో సింహాసనం ఎక్కినవాడూ ఉన్నాడు, దెబ్బతిన్నవాడూ ఉన్నాడు. జాతీయ సంస్కృతి పేర ఒక కృతిని నెత్తికెత్తుకునే ముందు, లేదా కాలరాచే ముందు, అందులో కొట్టిన చెయ్యి ఎవరిది, గాయం ఎవరిది అని విమర్శకుడు అడిగి తీరాలి.