23 ఫ్రాంకుల పత్రిక

‘అరాచకవాదం’ అనగానే మనకు స్ఫురించేది అల్లరి, విధ్వంసం. మనం వాడే పేరే ఆ సిద్ధాంతంపై సగం తీర్పు చెప్పేస్తుంది. రాజ్యమే లేని సమాజాన్ని కోరే ఆ వాదంతో నాకు ఏకీభావం లేదు. అయినా దాని తొలినాటి పత్రికల్లో ఒకటైన ‘లె రెవొల్తె’ చరిత్ర మన రచయితలు తెలుసుకోదగ్గదని నా అభిప్రాయం.

1879 ఫిబ్రవరిలో జెనీవాలో క్రొపొత్కిన్, దుమార్తెరే, హెర్జిగ్ ఈ పక్షపత్రికను ప్రారంభించారు. చేతిలో ఉన్న పెట్టుబడి 23 ఫ్రాంకులు. వారి వెనకటి పత్రికలు 600 ప్రతులు దాటలేదు. దీన్ని 2,000 వేస్తే కొద్ది రోజుల్లోనే చెల్లిపోయాయి. అచ్చువేయడానికి ముద్రాపకులు వెనకాడితే అప్పు చేసి సొంత అచ్చుకూటం పెట్టుకున్నారు.

ఈ ఆదరణకు మూలం రచనా పద్ధతిలో ఉంది. క్రొపొత్కిన్ రాజవంశీకుడు, శాస్త్రజ్ఞుడు. అయినా జటిలమైన ఆర్థిక విషయాలు సైతం కార్మికుడికి బోధపడాలని నియమం పెట్టుకున్నాడు. తన వ్యాసాలను కార్మికుడైన దుమార్తెరేకు చదివి వినిపించి, అతని తీర్పుకు విలువనిచ్చేవాడు. పత్రిక కేవలం కష్టాల చిట్టా కాకూడదని, రాబోయే కాలపు సూచనలను నమోదు చెయ్యాలని అతని రెండో నియమం. యువకులనుద్దేశించిన అతని ప్రసిద్ధ విజ్ఞప్తి 1880లో ఇందులోనే వెలువడింది.

1881లో స్విట్జర్లాండు అతణ్ణి బహిష్కరించింది. 1883 నుంచి సంపాదకత్వం వహించిన జాఁ గ్రావ్ చెప్పులు కుట్టే వృత్తి నుంచి వచ్చినవాడు. పత్రిక 1885లో పారిస్ చేరింది. 1887లో ‘లా రెవొల్త్’ అయి, సాహిత్యానుబంధాన్ని కూడా వెలువరించింది. ప్రభుత్వ నిర్బంధం వల్ల 1894లో ఆగిపోయింది.

దాని చందాదారుల్లో కవి మలార్మే ఒకడు. సుబోధకతే నియమంగా పుట్టిన పత్రికకు, దుర్బోధతకు పేరుపడ్డ కవి చందాదారు! చందా కట్టినంత మాత్రాన కవిత్వం మారదు. అలాగని సుబోధకత ఒక్కటే చాలదు: ప్రపంచయుద్ధంలో క్రొపొత్కిన్, గ్రావ్ ఇద్దరూ మిత్రరాజ్యాల పక్షం వహించారు.

ఆ మధ్య నా వ్యాసమొకటి మా ఊరి నేతపనివారి మధ్య చదివాను. మొదటి పేజీ కాగానే ఒక పెద్దాయన, “మాస్టారూ, ఇది మా గురించి రాశారా, మా కోసం రాశారా?” అని అడిగాడు. జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి ఆ పేజీ తిరగరాశాను.