ఆర్మరర్ పనితనం

నిన్నటిదాకా గురి తప్పని త్రీనాట్ త్రీ రైఫిల్ ఇవాళ తూటాలను చెల్లాచెదురు చేస్తుంటే, కొత్తవాడు వెంటనే సైటు మీద పడతాడు. తుపాకులు బాగుచేసే పోలీసు ఆర్మరర్ దాని జోలికి పోడు. తూటాల లాట్ మారిందా అని అడుగుతాడు. రైఫిల్ ఖాళీ చేయించి, ట్రిగ్గర్ గార్డు ముందు స్క్రూ వదులైందేమో చూస్తాడు. చాలా జబ్బులు అక్కడే తేలిపోతాయి.

1895లో బ్రిటిష్ సైన్యంలో చేరిన లీ ఎన్‌ఫీల్డ్ వంశం ఈ రైఫిల్‌ది. మన దేశంలో బెంగాల్‌లోని ఇషాపూర్‌లో తయారైంది. బ్యారెల్‌కు పొడవునా చెక్క తొడుగే. వానాకాలంలో ఆ చెక్క తేమకు ఉబ్బి బ్యారెల్‌ను పక్కకు నొక్కుతుంది, గురి జరుగుతుంది. ఆర్మరర్ ముందరి చెక్క విప్పి, లోపల నిగనిగలాడే చోటు కోసం వెతుకుతాడు. ఒరుసుకున్న గుర్తు దొరికితే అక్కడే, గీకీ గీకనట్టు గీకుతాడు. ఎక్కువ పోతే చెక్క తిరిగి రాదు మరి!

అదీ కాకపోతే బ్యారెల్ మూతి. శుభ్రం చేసే తాడు ఏళ్ల తరబడి రాసుకుని అంచు అరిగిపోతుంది. తూటా చివరగా తాకేది అక్కడే.

ఒకసారికి ఒక్కటే మారుస్తాడు, మళ్లీ కాల్పించి చూస్తాడు. పోటీల్లో పతకం కాల్చినవాడికే ఇస్తారు. ఆర్మరర్ పేరు కూడా పిలవాలి.