కారు ఇంజనును కడుగుట: సలహాల మంచిచెడ్డలు

హైదరాబాదులోని లక్డీకాపూల్ అను పేరునకు కర్ర వంతెన అని అర్థము. ఆ వంతెన నేడు లేదు. ఇప్పుడు అక్కడ మెట్రో రైలు స్తంభములు, వాటి క్రింద బారులు తీరిన కార్లు కనిపించును. గట్టి వాన కురిసినపుడు నగరములో నీరు నిలుచు చోట్లలో ఇదియు ఒకటి. అట్టి నీటిలో నడిచి ఇల్లు చేరిన కారు బానెట్టును మరునాడు ఎత్తి చూచిన, ఇంజను చుట్టును బురద చారలు, నూనెతో కలిసి గట్టిపడిన దుమ్ము కనబడును. దీనిని ఇంటివద్దనే కడుగవచ్చునా?

ఈ ప్రశ్నకు మూడు జవాబులు ప్రచారములో ఉన్నవి. ఇంజనుకు నీరు తగులనే రాదని కొందరందురు. నీటిని జోరుగా చిమ్మినగాని జిడ్డు వదలదని కొందరందురు. ఇంజను నడుచుచుండగా కడిగిన, ఆ వేడికి నీరు దానంతట అదియే ఆరిపోవునని మరికొందరందురు. చెప్పువారి అనుభవము ఎంతటిదైనను, ఈ మూడు సలహాలను భౌతికశాస్త్రము ముందుంచి పరీక్షింపవలసియున్నది.

మొదటి సలహాలో కొంత నిజము కలదు. కొన్ని కంపెనీల చేతిపుస్తకములే ఇంజను గదిని నీటితో కడుగవద్దని హెచ్చరించును. అట్టి కార్ల విషయమున ఆ మాటనే పాటింపవలెను. కాని వానలో చక్రములు చిమ్మిన నీరు ఇంజను గదిలోనికి వచ్చుచునే యుండును. తయారుచేయువారు దీనిని దృష్టిలో ఉంచుకొనియే భాగములను అమర్చుదురు. కనుక ప్రమాదము తడి తగులుటలో కాక, నీరు చొరరాని చోట చొచ్చి నిలిచిపోవుటలో ఉన్నది. స్వచ్ఛమైన నీరు విద్యుత్తును మిక్కిలి స్వల్పముగా ప్రవహింపజేయును. కుళాయి నీటిలోను, బోరు నీటిలోను లవణములు కరిగియుండును. అట్టి నీరు తీగల జోడింపులలో చేరిన, ఇంజనును నడిపించు కంప్యూటరునకు తప్పుడు సంకేతములు పోవచ్చును. నీరు ఆరినను లవణములు మిగిలి, లోహము తినివేయబడుటకు తోడ్పడును.

రెండవ సలహా మిక్కిలి హానికరము. "ఐ.పి. 67" అను గుర్తు గల భాగమును 1 మీటరు లోతు నీటిలో 30 నిమిషములు ముంచి పరీక్షింతురు. ఆ లోతున నీటి వలన కలుగు అదనపు పీడనము వాతావరణ పీడనములో సుమారు 10వ వంతు మాత్రమే. ఇండ్లలో వాడు ప్రెషరు వాషరు పంపులో పీడనము సుమారు 100 వాతావరణములు ఉండును. నీటిధార దూరము పోయినకొలది దాని బలము తగ్గును గాని, మూతిని దగ్గరగా పెట్టి కొట్టిన రబ్బరు మూతల సందులలోనికి నీరు దూరును. అట్టి ధారకు తట్టుకొనునో లేదో చూచుటకు వేరొక పరీక్ష కలదు. అందులో 80 డిగ్రీల వేడి నీటిని 80 నుండి 100 బార్ల పీడనముతో కొట్టుదురు. ఇంజను గదిలోని ప్రతి భాగము ఆ పరీక్షకు నిలుచునని అనుకొనరాదు. నీటిలో మునిగినను చెడని భాగము ధారకు చెడిపోవచ్చును.

మూడవ సలహా వినుటకు తెలివిగా తోచును. కాని మిక్కిలి కాగిన లోహముపై చన్నీరు పడిన, ఒక వైపు త్వరగాను మరియొక వైపు నెమ్మదిగాను సంకోచించి పగులు పట్టవచ్చును. తిరుగుచున్న బెల్టు చేతికి అపాయము. అన్నిటికంటె ముఖ్యము, నడుచుచున్న ఇంజను గాలిని లోనికి పీల్చుచుండును. ఆ గాలితోబాటు నీరును పీల్చవచ్చును.

ఈ చివరి మాటను తరగతిలో చూపవచ్చును. సూది లేని సిరంజిలో గాలి నింపి, మూతిని వేలితో మూసి నొక్కిన, గాలి సంపీడనము చెందును. నీరు నింపి నొక్కిన, కదలదు. పెట్రోలు ఇంజను సిలిండరులో పిస్టను గాలిని సుమారు 10వ వంతు ఘనపరిమాణమునకు అదుమును. అక్కడ నీరు చేరిన పిస్టను ఆగిపోవును, కనెక్టింగు రాడ్డు వంగును. 2020 అక్టోబరు 13న హైదరాబాదులో కురిసిన వానకు వీధులలోను, సెల్లారులలోను ఎన్నో కార్లు మునిగినవి. మునిగిన కారును పరీక్షింపక స్టార్టు చేసిన జరుగు నష్టము ఇదియే. సాధారణ బీమా పాలసీలు ఈ నష్టమును తరచు భరింపవు.

జిడ్డు వదలుటకు పెట్రోలు, కిరోసిను వాడుట మరియొక దురలవాటు. పెట్రోలు ఆవిరి ఒక్క నిప్పురవ్వకే మండును. కిరోసిను రబ్బరును ఉబ్బజేయును. గాఢమైన చాకలిసోడా ద్రావణము అల్యూమినియమును తినివేయును.

ఇక చేయదగినది ఏమి? ఇంజను ఆపి, తాళపుచెవి తీసి, చేతితో తాకగలిగినంత వరకు చల్లారనీయవలెను. ఎండుటాకులను, పొడి దుమ్మును మెత్తని కుంచెతో తొలగింపవలెను. గాలి పీల్చు గొట్టము మూతిని, ఆల్టర్నేటరును, ఫ్యూజు పెట్టెను ప్లాస్టిక్కు కాగితముతో కప్పి, పని ముగిసిన వెంటనే మరువక తీసివేయవలెను. తేలికైన సబ్బునీటిలో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, మరల మంచినీటి గుడ్డతో తుడువవలెను. బానెట్టు తెరచి పూర్తిగా ఆరిన పిమ్మటనే ఇంజను నడుపవలెను. నారింజరంగు తీగలు గల విద్యుత్ కార్లలోను, హైబ్రిడ్ కార్లలోను అధిక వోల్టేజి ఉండును గనుక ఆ పనిని శిక్షణ గలవారికి విడువవలెను. నూనె కలసిన నీటిని మురుగుకాలువలోనికి వదలరాదు. ఈ నగరపు కాలువలు తుదకు మూసీలో కలియును.

ఈ సలహాలన్నిటిలోను మరియొక లోపము కలదు. అవి కడుగు విధమును గూర్చి చెప్పునే గాని, కడుగుట ఎందుకో అడుగవు. మెరుపు కొరకు కడుగవలసిన అవసరము లేదు. నూనె ఎక్కడ కారుచున్నదో కనుగొనుటకు, ఎలుకలు చేర్చిన చెత్తను తీయుటకు, రేడియేటరు రెక్కలలో గాలి ఆడుటకు శుభ్రపరచుట అవసరమే. పాత కారు అమ్ముటకు ముందు ఇంజనును తళతళలాడునట్లు కడిగిన, నూనె కారిన గుర్తులు చెరిగిపోయి కొనువాడు మోసపోవును. కొనదలచినవాడు ఆ మెరుపును చూచి సంతోషింపక, కారును కొంతదూరము నడిపించి మరల బానెట్టు ఎత్తి చూడవలెను.