అయస్కాంతం చెప్పని సంగతి

చర్లపల్లి పారిశ్రామికవాడకు స్టీలు పని చేయించుకోడానికి వచ్చేవాళ్లలో చాలామంది జేబులో అయస్కాంతం ముక్క వేసుకొస్తారు. అంటుకోకపోతే అసలు సరుకని వాళ్ల నమ్మకం. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మామూలుగా అంటుకోదు, నిజమే. నికెల్ తగ్గించి ఆ చోట మాంగనీసు, నైట్రోజన్ వేసి చేసే చవక 202 రకం కూడా అంటుకోదు మరి! అటు చూస్తే, 2025 జనవరిలో మొదలైన మన చర్లపల్లి రైల్వే టెర్మినల్‌కు వచ్చే ఎల్‌హెచ్‌బీ రైలు బోగీలున్నాయి. చాలా బోగీల పక్క గోడలు ఫెరిటిక్ రకం స్టెయిన్‌లెస్ ఉక్కువి. అయస్కాంతం ఇట్టే పట్టుకుంటుంది. అయినా ఏళ్ల తరబడి ఎండావానలకు ఓరుస్తాయి.

తుప్పును ఆపేది క్రోమియం. ఉక్కులో అది కనీసం 10.5 శాతం ఉంటే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, కొన్ని నానోమీటర్ల మందాన కంటికి కనబడని పొర కడుతుంది. గీత పడినా ఆ పొర మళ్లీ తనే పూడుకుంటుంది. 304లో క్రోమియం 18, నికెల్ 8 శాతం. ఇంటి వంటగదికి అది చాలు. ఉప్పు, బ్లీచింగ్ తగిలేచోట మాత్రం క్లోరైడు ఆ పొరకు తూట్లు పొడుస్తుంది. దాన్ని తట్టుకోడానికే 316లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలుపుతారు. అది ఉందో లేదో తేల్చడం సులువే: షీటు మూల శుభ్రంగా రుద్ది, పరీక్ష ద్రావణం ఒక చుక్క వేసి, చిన్న బ్యాటరీ తీగలు ఆనిస్తే, మాలిబ్డినం ఉన్నచోట చుక్క ఎర్రబారుతుంది.

మందుల కంపెనీల పాత్రలకు 316ఎల్ అడుగుతారు. అందులో కార్బన్ 0.03 శాతం మించదు. కార్బన్ ఎక్కువుంటే వెల్డింగ్ వేడికి క్రోమియాన్ని తనవైపు లాగేసుకుంటుంది. అతుకు పక్కన క్రోమియం కరువై, తుప్పు అక్కడే మొదలవుతుంది.

ఇంత ఖరీదు పెట్టి కొన్న గుణాన్ని షెడ్డులో పది నిమిషాల్లో పోగొట్టొచ్చు. మామూలు ఇనుము రుద్దిన గ్రైండింగ్ చక్రంతోనే స్టీలునూ రుద్దితే, ఇనుప రజను అందులో దిగబడి వారానికల్లా ఎర్ర మచ్చలు తేలతాయి. అతుకు చుట్టూ పడే నీలిరంగును ఆమ్లపు పేస్టుతో పిక్లింగ్ చేసి తీయకపోతే, కింద క్రోమియం తగ్గిన పొర అలాగే ఉండిపోతుంది. బేరమాడేటప్పుడు ముందుగా కోత పడేది ఈ పనికే.

అందుకే కొనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. మిల్లు సర్టిఫికెట్ మీది హీట్ నంబరు (ఉక్కును ఏ విడతలో కరిగించారో చెప్పే సంఖ్య), షీటు మీది నంబరు ఒకటేనో కాదో చూడండి. కొటేషన్‌లో పిక్లింగ్‌కు వేరే వరుస ఉందో లేదో చూడండి. ఆ వరుస కొట్టేసి ధర తగ్గిస్తానన్న షెడ్డులో మాత్రం పని అప్పజెప్పకండి.